కొత్త బ్రేకులతో హార్స్‌లీ కొండకు

బెంగళూరు నుంచి హార్స్‌లీ కొండకు సైకిళ్ళ మీద పోయి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు రాసినవి నేనూ చదివాను. పొగమంచు, యూకలిప్టస్ వాసన, కొండ మీద టీ, దిగేటప్పుడు ముఖానికి కొట్టే గాలి. అన్నీ నిజమే, నేనూ చూశాను. కాకపోతే మేం ఇద్దరం వెళ్ళాం, నేనొక్కడినే తిరిగొచ్చాను.

నాతో వచ్చిన శామ్యూల్ కొండ దిగుతూ చనిపోయాడు. వేగంగా దిగాడు, బ్రేకు వెయ్యలేదు, మలుపు తిరగలేక పడిపోయాడు అని పోలీసు కాగితంలో ఉంది. అతని ఆఫీసులో, చర్చిలో, మా సైకిల్ గుంపులో అందరూ అదే నమ్మారు. అతని భార్య కరుణ కూడా అదే నమ్మింది. అది అబద్ధం. తప్పు అతనిది కాదు, నాది. ఆ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని పదకొండు నెలలు నాలో నేనే కొట్టుకు చచ్చాను. ఆ దారిన పోవాలనుకునేవాళ్ళకు దారీ చెబుతాను, తిండీ చెబుతాను. దాంతోపాటు ఇది కూడా వినాలి.

బొమ్మసంద్ర

నా పేరు మునిరాజు. తాతల కాలం నుంచి బెంగళూరే మా ఊరు. బొమ్మసంద్రలో ఒక కార్ఖానా టూల్‌రూంలో ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టర్‌ని. ఉక్కును అద్దంలా నునుపు చేయడం మా పని. షిఫ్టు దిగే ముందు నూనె గుడ్డ తీసుకుని ఆ ఉక్కునంతా ఒకసారి తుడవాలి, లేకపోతే పొద్దునకల్లా తుప్పు పొర లేస్తుంది. చేరిన కొత్తలో ఒకసారి తుడవకుండా దిగిపోతే మా మేస్త్రీ మర్నాడు పదిమంది ముందు చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ దెబ్బతో నా చేతికి బుద్ధి వచ్చింది. మెరిసే ఉక్కు కనబడితే చాలు, నేను చెప్పకుండానే అది గుడ్డ వెతుక్కుంటుంది. ఇంట్లో కత్తిపీటకు మెషిన్ నూనె రాసి మా ఆవిడ పద్మ చేత ఎన్నిసార్లు చీవాట్లు తిన్నానో లెక్కలేదు.

శామ్యూల్‌ది తెనాలి. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడే కాపురం. భార్య కరుణ, పదకొండేళ్ళ కూతురు షారోన్. ఆదివారాలు కె.ఆర్.పురంలో ఒక టీ బండి దగ్గర తెలుగు సైకిళ్ళవాళ్ళు పోగవుతారు, అక్కడ పరిచయం. అతను వసపిట్ట. నేను నోరు విప్పితే చురకే తప్ప మంచి మాట రాదు. ఎలా కుదిరిందో కుదిరింది. దూరాలు తిరగడానికి మంచి టూరింగ్ సైకిల్ కొన్నాడు గానీ దాని లోపలి సంగతి ఒక్కటీ తెలీదు. స్క్రూ వదులైనా నా దగ్గరికే తెచ్చేవాడు.

ఆ డిసెంబరులో హార్స్‌లీ కొండకు పోదామన్నాడు. కరుణకు ఇష్టం లేదు. అంతకు ముందు వానాకాలంలో వర్తూరు దగ్గర సన్న టైరు జారి పడి మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొచ్చాడు. పైగా దిగుడు కనబడితే అతనికి తొందర, అది మా గుంపులో అందరికీ తెలిసిందే. ఆమె నాకు ఫోన్ చేసి, మీరు తోడుంటేనే పంపిస్తాను, టైర్లూ బ్రేకులూ మీ చేత్తో మీరే మార్చండి, షాపువాళ్ళ మీద నాకు నమ్మకం లేదు అంది. నేను చూసుకుంటానమ్మా, నువ్వు దిగులు పడొద్దు అన్నాను, తగుదునమ్మా అని.

బయల్దేరే ముందు ఆదివారం సైకిల్‌ను మా ఇంటికి తెచ్చాడు. వరండాలో తలకిందులుగా నిలబెట్టి ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సన్న టైర్లు విప్పేశాను, ముప్పై ఎనిమిదివి ఎక్కించాను. వెడల్పు టైరు ఎక్కించే ముందు చట్రానికీ దానికీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉంటుందో లేదో చూసుకోవాలి. వెనక ఉంది. ముందు మడ్‌గార్డు అడ్డం వచ్చింది, పీకేశాను. గాలి కాస్త తక్కువే పెట్టాను, గుంతలో పడ్డా ఎగరకుండా, మట్టిలో పట్టు ఉండేలా.

తర్వాత బ్రేకులు. అతనివి డిస్క్ బ్రేకులు. చక్రం నడుమ చిన్న పళ్ళెమంత ఉక్కు డిస్క్ తిరుగుతుంటుంది, రెండు పక్కల నుంచి రెండు ప్యాడ్లు దాన్ని నొక్కి పడతాయి. పాత ప్యాడ్లు గోరు మందం కూడా మిగల్లేదు. లోహపు పొడి కలిపిన గట్టి రకం తెప్పించి వేశాను, జత తొమ్మిది వందలు. డిస్కులను స్పిరిట్‌తో రెండుసార్లు కడిగాను. అబ్బ, అద్దంలా ఉందన్నా అంటూ శామ్యూల్ వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేశాను.

“చెయ్యి తియ్యప్పా. ఒంటి జిడ్డు తగిలినా చాలు, బ్రేకు పట్టదు. నూనె చుక్క పడిందా, దీని పని అయిపోయినట్టే.”

ఆ మాట చెప్పింది నేనే. ఈ నోటితోనే.

ఆ తర్వాత కార్ఖానాల వెనక ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు తొక్కి ఆపి, తొక్కి ఆపి, ప్యాడ్లు డిస్కులతో కుదురుకునేలా చేశాను. ఆఖరిసారి ముందు బ్రేకు నొక్కితే వెనక చక్రం నేల విడిచి లేచింది. అంత మంచి బ్రేకు అది. కరుణకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

కె.ఆర్.పురం

శుక్రవారం తెల్లవారుతుండగా టీ బండి దగ్గర కలిశాం. నాది పాతకాలపు సైకిల్. రబ్బరు బిళ్ళలు అల్యూమినియం రిమ్మును పట్టుకునే బ్రేకు, డిస్కులూ గిస్కులూ లేవు. శామ్యూల్ సైకిల్‌కు రెండు పక్కలా సంచులు, పదిహేను కిలోలకు తక్కువ లేదు. మూడు రోజులకు ఇల్లంతా మోసుకొచ్చావేమప్పా అన్నాను. షారోన్ కోసం కొండరాళ్ళు తెస్తానని మాటిచ్చానన్నా, వచ్చేటప్పుడు ఇంకా బరువుంటుంది చూడండి అన్నాడు.

పక్కన ఇడ్లీలు అమ్మే ఆమె మా వాలకం చూసి జాలిపడింది. ఇంట్లో చెప్పే వచ్చినారా అని అడిగింది. చెప్పే వచ్చామన్నాం. నాలుగు ఇడ్లీలు ముప్పై ఐదు, చట్నీ ఎంత అడిగినా పోస్తుంది. మా ఆయన కూడా ఇట్లే ఊరూరు తిరిగినోడే, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకొని కూర్చోనుండాడు అని చెప్పి, డబ్బులిచ్చాక ఇంకో ఇడ్లీ శామ్యూల్ చేతిలో పెట్టింది.

ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద లారీల పొగ మింగుతూ హోస్కోటె దాటేదాకా సుఖమన్నది లేదు. శామ్యూల్‌కు మాత్రం పండగే. గుంత కనబడితే తప్పుకోవడం మానేసి ఎదురెళ్ళి ఎక్కిస్తున్నాడు. సోఫాలో కూర్చున్నట్టుందన్నా అని వెనక్కి తిరిగి అరుస్తాడు. నా సన్న టైర్లకు రెండు పంక్చర్లు పడ్డాయి. రెండుసార్లూ అతను నీడలో కూర్చుని బఠాణీలు నములుతూ, వెడల్పు టైర్ల గొప్పదనం గురించి నేను చెప్పినదంతా నాకే అప్పజెప్పాడు. ఆ రోజు రోడ్డు మీద నేను నవ్వినట్టు గుర్తున్నది ఆ రెండుసార్లే.

చింతామణి

కైవార దారి దాటాక ఎండ మాడ్చేసింది. చింతామణిలో ఒక మెస్సులో కూర్చునేసరికి రెండైంది. రాగిముద్ద, ఆకుకూర వార్చిన నీళ్ళతో కాచే బస్సారు, కాస్త అన్నం, మజ్జిగ, డెబ్బై రూపాయలు. మా బెంగళూరువాళ్ళకు ముద్ద నమలడం అలవాటు లేదు. చిన్న ఉండ చేసి, సారులో ముంచి, గొంతులోకి జార్చేయడమే. శామ్యూల్ దాన్ని బూరెలా కొరికి నమిలాడు. పళ్ళకు అంటుకుపోయి మాట రాక అవస్థ పడుతుంటే పక్క బల్ల మీది ముసలాయన నవ్వాపుకోలేక పొలమారాడు. మీ కోస్తావాళ్ళకు అన్నం వార్చుకోవడం తప్ప ఏమొచ్చు అన్నాను. అతను తగ్గకుండా, మా తెనాలిలో ఇంత గట్టిదాన్ని గోడ కట్టడానికి వాడతారన్నా అన్నాడు.

ఆ ముసలాయన పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి వచ్చాడట. ధర రాలేదు. అమ్మకుండా తీసుకెళ్తే పురుగు గూడు కొరుక్కొని బయటికొస్తుంది, కాబట్టి ఎంతకైనా ఇచ్చేయాల్సిందే అని చాలా మామూలుగా చెప్పాడు. మీ ఇద్దరూ ఏమవుతారు అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే శామ్యూల్, మా అన్న అని చెప్పాడు. ముసలాయన మా ఇద్దరి ముఖాలూ చూసి పోలికే లేదే అన్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం.

మదనపల్లె

సరిహద్దు దాటగానే బోర్డులన్నీ తెలుగులోకి మారాయి. మా ఇంటి మాట ఇక్కడి మాటకు దగ్గర. దాంతో ఒక తమాషా జరిగింది. టమోటా మార్కెట్టు బయట పళ్ళు ఏరుతున్న ఒకామెతో శామ్యూల్ మాట కలిపాడు. అతని తెలుగు ఆమెకు సినిమా మాటల్లా తోచింది. నన్ను చూపించి, ఈయన మనోడు, నువ్వు యాడోడివి నాయనా అని అడిగింది. కర్ణాటకవాడిని నేను, ఆంధ్రావాడు అతను. ఆ మాట పట్టుకుని నేను మైలు దూరం ఏడిపించాను.

ఆమె రెండు పళ్ళు కోసి ఉప్పద్ది ఇచ్చింది. కిలో ఎనిమిదికి పడిపోయిందట. కోత కూలి కూడా రాదని కొందరు రోడ్డు పక్కనే కుప్పలు పారబోసి వెళ్ళిపోయారు. కుళ్ళు వాసన, ఈగలు, ఎర్రటి బురద. ఆవులు కూడా మొహం తిప్పుకుంటున్నాయి. ఆ బురదలో నా సైకిల్ జారింది, శామ్యూల్‌ది జారలేదు. అక్కడ ఆగి తన టైర్లను చేత్తో తట్టాడు. ఇక నాకు భయం లేదన్నా, కరుణకు కూడా చెప్తాను అన్నాడు.

కొండ మీద

కింద నుంచి పైకి తొమ్మిది కిలోమీటర్లు. నేను మూడుసార్లు దిగి తోశాను. శామ్యూల్ ఒక్కసారీ దిగలేదు, మలుపు మలుపు దగ్గర ఆగి నా కోసం చూశాడు. పైకి చేరేసరికి ఇంకా వెలుతురుంది. గది తీసుకున్నాం. ఎదురుగా రమణమ్మ అని ఒకామె టీ కొట్టు. పాలు తక్కువ, చక్కెర ఎక్కువ, పదిహేను రూపాయలు. బెంగళూరులో అంత చిన్న గ్లాసుకు అంత అడిగితే కొట్లాట అవుతుంది, కొండ మీద ఎవరూ అడగరు.

శామ్యూల్ పిట్టగోడ దగ్గర నిలబడి షారోన్‌కు వీడియో కాల్ చేశాడు. లోయ చూపిస్తున్నాడు, ఏరిన రాళ్ళు చూపిస్తున్నాడు. నేను గది ముందు మెట్టు మీద కూర్చుని నా సైకిల్ గొలుసు తుడిచి నూనె వేశాను. పనిలో పనిగా అతని సైకిల్ గొలుసు కూడా తుడిచాను. మంచు దిగడం మొదలైంది, సీటు మీద చెయ్యి వేస్తే తడి తగిలింది. చేతిలో నూనె గుడ్డ ఉంది. ఎదురుగా రెండు ఉక్కు డిస్కులు మెరుస్తున్నాయి.

అప్పుడు ఏమనుకున్నావని అడిగితే చెప్పలేను, ఎందుకంటే ఏమీ అనుకోలేదు. వెనక డిస్కు రెండు పక్కలా, ముందు డిస్కు రెండు పక్కలా, షిఫ్టు దిగే ముందు తుడిచినట్టు పలచగా, నిండుగా తుడిచాను. గుడ్డ మడిచి సంచిలో పెట్టాను. చేతులు కడుక్కుని టీకి వెళ్ళాను. ఆ డిస్కు త్వరగా తుప్పు పట్టే రకం ఉక్కు కూడా కాదు. అది నాకు తెలుసు. నా చేతికి తెలీదు. నా సైకిల్‌కు డిస్కులుంటే నాకూ అదే గతి పట్టేది, లేవు గనక బతికాను. తుడిచిన సంగతి మర్నాటిదాకా నాకు గుర్తే రాలేదు.

దిగుడు

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడలేదు. శామ్యూల్ బయల్దేరే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకున్నాడు. నిలబడి నొక్కితే ఏం తెలుస్తుంది, మీట గట్టిగానే ఉంది. నెమ్మదిగా పోదామన్నా, ఇంటికి మాటిచ్చాను అన్నాడు. ఈ ముక్క నేను కల్పించి చెప్పడం లేదు.

అతను ముందు, నేను ఇరవై అడుగుల వెనక. మొదటి వంపు దగ్గరే అతని బ్రేకు కీచుమంది. వెనక్కి తిరిగి చూసి, అన్నా, ఇది అరుస్తోంది, సరిగా పట్టడం లేదేమో, ఆగి చూద్దామా అన్నాడు.

“మంచు తడి అప్పా అది. రెండు మలుపులు పోతే ఆరిపోతాది. పో.”

తడికి డిస్క్ బ్రేకు అరవడం మామూలే. అందుకే అలా చెప్పాను. అతను నా మాట విన్నాడు. ఎందుకు వినడు, బ్రేకులు వేసింది నేనే కదా.

అక్కడి నుంచి రోడ్డు ఒక్కసారిగా వాలిపోతుంది. కీచు కాస్తా కూత అయింది. రైలు కూత కాదు, జంతువును కోస్తున్నప్పుడు వచ్చేలాంటిది, ఆగకుండా. మొదటి మలుపు తిరిగాడు, కూస్తూనే ఉంది. అతనికీ నాకూ మధ్య దూరం పెరుగుతోంది. రెండో మలుపులో రెండు కాళ్ళూ కిందికి దించి బూట్లు రోడ్డుకు ఆనించాడు. అప్పుడు నాకు ముందురోజు సాయంత్రం మెట్టు మీద నా చేతిలో ఉన్న గుడ్డ కళ్ళ ముందు మెదిలింది. కొండ వైపు పడిపో, శామ్యూల్, కొండ వైపు పడిపో అని గొంతు చించుకుని అరిచాను. ఆ కూతలో అతనికి నా మాట వినపడలేదు. మూడో మలుపులో అన్నా అని ఒకసారి పిలిచాడు. నాలుగో మలుపు దగ్గర పిట్టగోడకు కొట్టుకుని అవతలికి పడ్డాడు. కూత ఆగిపోయింది.

పాల వ్యాను ఒకటి పైకి వస్తోంది. దాని డ్రైవరూ నేనూ రాళ్ళ మీద పాకుతూ దిగి పైకి మోసుకొచ్చాం. ఆ డ్రైవరు పేరు కూడా అడగలేదు నేను. క్యాన్లు దించి రోడ్డు పక్కన పెట్టేసి, వెనక చోటు చేసి, మదనపల్లె దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. శామ్యూల్ తల నా ఒడిలో ఉంది. ఊరు ఇంకా రాకముందే ప్రాణం పోయింది. డ్రైవరుకు చెప్పలేదు, అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఒక అబద్ధం

మధ్యాహ్నం పోలీసు ఒకాయన నన్ను ఆ చోటికి తీసుకెళ్ళాడు. సైకిల్‌ను పైకి లాగి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. కొత్త టైర్లకు ఏమీ కాలేదు. నేను వంగి ముందు డిస్కు మీద వేలు పెట్టాను. జారింది. కాలిన నూనె వాసన వచ్చింది. వేలు ప్యాంటుకు తుడుచుకున్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. రోడ్డు మీద చూసి, బ్రేకు వేసిన గీత ఒక్కటీ లేదు, స్పీడుగా వచ్చి తిప్పలేకపోయినాడు, అంతేనా అని అడిగాడు. నన్ను అనుమానించలేదు, నిలదీయలేదు. కాదు సార్ అంటే సరిపోయేది. అవును సార్ అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఎందుకన్నాను? భయం. కేసవుతుందని, ఉద్యోగం పోతుందని, అన్నిటికన్నా కరుణ ముఖం ఎలా చూడాలని. శవాన్ని వైట్‌ఫీల్డ్ తెచ్చినప్పుడు ఆమె నన్నేమీ అడగలేదు. పెట్టెలో ఉన్న అతని ముఖం మీద వంగి, ఎందుకంత తొందర నీకు, ఎందుకంత తొందర అని అదే మాట అంటూ ఉంది. పెట్టె మోసిన ఆరుగురిలో నేనొకడిని. నా అంత దొంగ ఎవడూ ఉండడు.

తర్వాత నేను వాళ్ళింటికి వెళ్తూ ఉండేవాడిని. ట్యాపు కారితే బాగుచేశాను, గ్యాసు పట్టుకొచ్చాను. వెళ్ళినప్పుడల్లా ఆమె అతని మీద మండిపడేది. ఇంట్లో అతని ఫోటో లేదు, తీసి బీరువాలో పెట్టేసింది. అతని వేగం గురించి చెప్పి చెప్పి, అన్నా, మీరెంత నెమ్మదస్తులు, మీకేం కాలేదు చూడండి అనేది. ఆ మాట వింటూ ఆమె పోసిన కాఫీ తాగేవాడిని. పద్మకు ఒక్కదానికే చెప్పాను. పద్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. కరుణతో చెప్పేదాకా నాతో మాట్లాడొద్దు అంది.

వైట్‌ఫీల్డ్

ఏడాది దగ్గర పడుతుంటే కరుణ ఫోన్ చేసింది. చర్చిలో సంస్మరణ కూడిక పెడుతున్నాం, పిల్లలు చాలామంది వస్తారు, మీరు లేచి నాలుగు మాటలు చెప్పాలి అంది. ఏం చెప్పాలమ్మా అన్నాను. ఆయనలా తొందరపడి ఇంట్లోవాళ్ళను అన్యాయం చేయొద్దని చెప్పండి, కళ్ళారా చూసినవాళ్ళు మీరు, మీరు చెబితేనే వింటారు అంది.

మర్నాడే వెళ్ళాను. సైకిల్ మీదే వెళ్ళాను, వర్తూరు మీదుగా. ఆ పాతిక కిలోమీటర్లు హార్స్‌లీ కొండ కన్నా ఎక్కువ ఎక్కుడనిపించింది. రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నాను. కరుణ తలుపు తీసి, ఏంటన్నా అలా చెమటలు పట్టాయి, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను అంది. వద్దన్నాను. నిలబడే చెప్పాను.

“తప్పు ఆయనది కాదు కరుణమ్మా. ముందురోజు సాయంత్రం డిస్కులకు నేను నూనె గుడ్డ పెట్టినాను. మతిలేక పెట్టినాను. బ్రేకు పట్టలేదు.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. గుడ్డ సంగతి, మంచు తడి అని నేను పొమ్మన్న సంగతి, పోలీసుకు అవునన్న సంగతి, ఏదీ దాచలేదు. అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

“అయితే ఆయన స్పీడుగా వెళ్ళలేదా?”

“లేదమ్మా. మొదటి నుంచీ బ్రేకు పట్టుకునే ఉండాడు.”

“మీకెలా తెలుసు?”

“నూనె తగిలిన డిస్కును నొక్కి పట్టుకుంటేనే అట్ల కూస్తాది. వదిలేస్తే కూయదు. నాలుగు మలుపులూ కూస్తానే ఉండె. కాళ్ళు కూడా రోడ్డుకు ఆనించినాడు.”

“నాలుగు మలుపులు” అంది. తర్వాత, గొంతు పెంచకుండా, “పదకొండు నెలలుగా రోజూ తిడుతున్నానన్నా ఆయన్ని. పొద్దున కళ్ళు తెరవగానే మొదట అదే పని” అంది.

ఆమె లేచి లోపలి గది తలుపు తీసి షారోన్‌ను పిలిచింది. పిల్ల చేతిలో పెన్నుతో వచ్చింది, ఏడాదిలో పొడుగైంది. మీ నాన్న గురించి ఈయన ఒకటి చెబుతారు, కూర్చుని విను అంది కరుణ. తర్వాత నా వైపు తిరిగి, నాకు చెప్పినట్టే చెప్పండి, ఏదీ వదలకుండా అంది.

చెప్పాను. ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పడం కన్నా ఆ లోయలో నేను పడి ఉంటే నయం. అంతా విన్నాక షారోన్ ఒక్కటే అడిగింది.

“డాడీ ఆపుదామనే చూశాడా అంకుల్?”

“చూసినాడు పాపా. చివరిదాకా.”

షారోన్ నా వైపు చూడటం మానేసి తల్లి వైపు తిరిగింది.

“మమ్మీ, మనం గుర్తొచ్చి ఉంటే డాడీ బ్రేకు పట్టేవాడని నువ్వు అన్నావు కదా.”

కరుణ పిల్లను దగ్గరికి లాక్కుని తల తన పొట్టకు ఆనించుకుంది. నా వైపు చూడకుండానే, మీరిక వెళ్ళండి, కూడికకు రావొద్దు, ఈ ఇంటికి కూడా మళ్ళీ రావొద్దు అంది. అన్నా అనలేదు. సరేనమ్మా అన్నాను.

గుమ్మం బయట కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. లోపల షారోన్ మళ్ళీ అడుగుతోంది, ఎన్ని మలుపులు మమ్మీ అని. నాలుగు అని చెబుతోంది కరుణ.